కాశమ్మ పట్టిన నీళ్లు

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో నేను ఎం.ఏ. చదువుతూ ఉన్న రోజుల్లో మా మెస్‌కు పెద్ద వంటమనిషి కాశమ్మ. చదువు అయ్యాక నాకు తార్నాకలోనే ఉద్యోగం దొరికింది. దాంతో ఆమెతో పరిచయం తెగిపోలేదు. ఇప్పుడు చెప్పేదాంట్లో కొంత నేను కళ్లారా చూసింది, మిగిలింది ఆమే, ఆమె భర్తా, నా రూమ్మేట్ విశాలాక్షీ చెప్పగా విన్నది.

ఆమె ఎలాంటి మనిషో తెలియాలంటే ముందు బియ్యం బస్తాల సంగతి చెప్పాలి. ఒక వానాకాలం మెస్ స్టోరు కప్పు కారడం మొదలుపెట్టింది. కాశమ్మ వెళ్లి వార్డెన్‌కు చెప్పింది. పై ఆఫీసుకు రాశామన్నారు. మళ్లీ వెళ్లింది. మళ్లీ రాశామన్నారు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. ఒక పొద్దున హెల్పర్లను పెట్టి బస్తాలన్నీ మోయించి, వార్డెన్ గదిలో గోడ పొడవునా పేర్పించింది. మేడం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. కాశమ్మ చాలా మర్యాదగా, స్టోరులో బియ్యం తడుస్తున్నాయనీ, ఈ గది అయితే పొడిగా ఉందనీ చెప్పింది. ఆ వారంలోనే కప్పు బాగుపడింది. మేడం ఆ తర్వాత చాలా రోజులు కోపంగా ఉన్నారు గానీ, కాశమ్మ అందుకు బాధపడినట్టు కనిపించలేదు.

ఆమెది గోదావరి వైపు, బొగ్గు గనులకు దగ్గర్లో ఉన్న తునికివాగు అనే చిన్న ఊరు. ఊరి చివర చర్చి వాడలో పుట్టింది. తల్లిదండ్రులు కూలి పని చేసేవారు. ఇళ్లకు రంగులేసే ప్రేమ్ కుమార్‌ను పెళ్లి చేసుకుని తార్నాక వచ్చి, ఒక సందులో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది. హాస్టల్లో మొదట కూరగాయలు తరిగే పనికి కుదిరింది. తర్వాత చపాతీలు, ఆ తర్వాత పప్పు, చివరికి మొత్తం వంట ఆమె చేతికి వచ్చింది. ఊళ్లో తమ్ముడు సామేలు మిగిలాడు. తండ్రికి ప్రభుత్వం ఇచ్చిన చెలకలో బోరు వేయించినప్పుడు ఆమె కూడా తన సంపాదనలోంచి పంపింది. అందుకే దాన్ని ఎప్పుడూ మా బోరు అనే చెప్పేది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని, తార్నాక నల్లా నీళ్లు వాటి ముందు దిగదుడుపేనని మాకు చాలాసార్లు చెప్పింది.

ఒక చలికాలం సామేలు సంబరంగా ఫోన్ చేశాడు. తునికివాగు పొలాల కింద గ్యాస్ ఉందట, ఒక కంపెనీ వచ్చి డ్రిల్లింగ్ చేయబోతోందట, తనకు వాచ్‌మన్ పని ఇస్తామన్నారట. రిగ్గు, అంటే ఆ డ్రిల్లింగ్ మిషన్, పెట్టే చోటు ఊళ్లో పెద్ద రైతు కుటుంబానికి చెందిన రాములవ్వ పొలానికి ఆనుకునే ఉంది. నీళ్లకు ఏమీ కాదనీ, గ్యాస్ చాలా లోతులో ఉంటుందనీ, పైన ఇనుప పైపు, దాని చుట్టూ సిమెంటు ఉంటాయనీ కంపెనీ వాళ్లు ఊరి మీటింగులో చెప్పారట.

ఆ రాత్రి భోజనాల దగ్గర కాశమ్మ ఈ సంగతి విశాలాక్షికి చెప్పింది. విశాలాక్షిది అనంతపురం. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది, భూగర్భ జలాల మీదే ఆమె పరిశోధన. పప్పు కలుపుకుంటూ, పెద్దగా ఆలోచించకుండానే ఒక మాట అంది.

"డ్రిల్లింగ్ మొదలుపెట్టకముందే మీ ఊరి నీళ్లు పరీక్ష చేయించుకోండక్కా. తర్వాత ఏమన్నా తేడా వచ్చిందనుకో, మొదటి నుంచీ ఇట్లే ఉండె అంటారు. అప్పుడు మీ చేతిలో ఏముంటాది?"

ఆ మాట అన్న సంగతి వారం తిరిగేసరికి విశాలాక్షి మరిచిపోయింది. కాశమ్మ మరిచిపోలేదు. ఊరి నుంచి వచ్చే బస్సులో తమ్ముడి చేత ఒక కూల్‌డ్రింకు సీసాలో బోరు నీళ్లు తెప్పించి, మా గదికి వచ్చి బల్ల మీద పెట్టింది. విశాలాక్షి మూత తీసి వాసన చూసింది. నీళ్లు నారింజ వాసన వస్తున్నాయి. నవ్వు ఆపుకుని, ఇలా పనికిరాదని వివరించింది. నీళ్లలో గ్యాస్ ఉంటే ప్లాస్టిక్ సీసాలో నిలవదు. గాజు సీసా కావాలి. మోటరు వేసి పైపులో పాత నీళ్లన్నీ పోయేదాకా ఆగాలి. సీసా అంచుదాకా నింపి, లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించాలి. ఐసులో పెట్టి తొందరగా ల్యాబ్‌కు చేర్చాలి.

కాశమ్మ అంతా విని, "అయితే నువ్వే రా బిడ్డా. ఒక్కసారి చూపెట్టు. నేను నేర్చుకుంట" అంది.

కానీ ల్యాబ్ మిషన్ మీద బయటివాళ్ల నీళ్లు పరీక్షించడానికి విశాలాక్షి గైడు సారు ఒప్పుకోలేదు. ఒక్కరికి చేస్తే అందరూ వస్తారన్నారు. కాశమ్మ మధ్యాహ్నం వంట ముగించుకుని కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకు నడిచి వెళ్లి, ఆయన గది బయట బెంచీ మీద కూర్చునేది. సాయంత్రం వంట వేళకు లేచి వచ్చేసేది. ఎవరితోనూ గొడవ పడలేదు. కొన్నాళ్లకు సారే లోపలికి పిలిచారు. ఆయన కఠినుడేమీ కాదు. ఆలోచించి ఒక దారి చెప్పారు. ఒక్క సామేలు బోరు అయితే కుదరదు, ఊళ్లో రిగ్గు చుట్టూ ఉన్న బావులూ బోర్లూ అన్నీ పట్టాలి, అప్పుడు అది విశాలాక్షి పరిశోధనలో భాగం అవుతుంది. ఇంకొకటి, ఫలితాలు ఎలా వచ్చినా అందరికీ చెప్పాలి. నచ్చినవి చెప్పి, నచ్చనివి దాచుకుంటామంటే ఇప్పుడే వద్దనుకోవాలి.

కాశమ్మ సరేనంది. ఆ షరతు ఎంత బరువైనదో అప్పటికి ఆమెకు తెలియదు.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కాగజ్‌నగర్ రైలెక్కారు. సీసాలు పెట్టడానికి రాంనగర్ చేపల మార్కెట్లో థర్మాకోల్ డబ్బా సంపాదించారు. మరునాడు ఊళ్లో బోర్లన్నీ తిరిగి నీళ్లు పట్టి, ఒక్కో సీసాకు పేరూ నంబరూ పెన్నుతో రాసిన కాగితం అంటించి ఐసులో పెట్టారు. రాములవ్వ ఒక్కతే తన బావి దగ్గరికి రానివ్వలేదు. తన నీళ్లకు ఏ రోగమూ లేదనీ, పరీక్షలు అక్కర్లేదనీ పంపేసింది.

సోమవారం పొద్దున ల్యాబ్‌లో డబ్బా తెరిస్తే సగం ఐసు కరిగి ఉంది. కాగితాలు సీసాల నుంచి ఊడి, నీలం నీళ్లలో ముద్దగా తేలుతున్నాయి. ఏ సీసా ఎవరి బోరుదో చెప్పే దారి లేదు. విశాలాక్షి ఆ డబ్బా పక్కనే కూలబడి ఏడ్చింది. అప్పటికే ఊళ్లో రిగ్గు సామాను దిగుతోందని సామేలు చెబుతున్నాడు.

సంగతి తెలిసి కాశమ్మ మెస్ నుంచి అలాగే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డబ్బాలోకి చూసింది. "పోయినయి నీళ్లే గదా బిడ్డా. బాయిలు గాడనే ఉన్నయి. మళ్ల పోదాం" అంది.

ఈసారి సీసాల మీద నంబర్లు ప్రేమ్ కుమార్ వేశాడు. తలుపులకు వేసే ఎనామిల్ రంగుతో, సన్న కుంచెతో, ఒక్కో అంకె ముత్యంలా. రాత్రంతా ఆరబెట్టి, బకెట్టులో ముంచి చూసి మరీ ఇచ్చాడు. చేతి సాయానికి నేను కూడా వెళ్లాను. ఆ ఊరు నేను చూడటం అదే మొదలు.

రాములవ్వ బావి రిగ్గు చోటుకు అన్నిటికంటే దగ్గర. గట్టు మీద నిలబడితే చదును చేసిన ఎర్రమట్టి, దాని మీద దింపిన పైపుల కుప్పలు కనిపిస్తాయి. పాత రాతి బావి, అడుగున బోరు దింపి మోటరు బిగించారు, దాని స్విచ్చు పక్కనే చిన్న మోటరు గదిలో ఉంది. కాశమ్మ చిన్నప్పుడు అదొక్కటే ఎండాకాలంలో ఎండిపోని బావి అట. చర్చి వాడ ఆడవాళ్లు బిందెలు తెచ్చి దూరంగా నిలబడితే, రాములవ్వ ఇంటి జీతగాడు చేది పైనుంచి పోసేవాడు. చేద ముట్టనిచ్చేవారు కాదు. కాశమ్మ ఒకసారి చిన్నతనం కొద్దీ తాడు పట్టుకుంటే, ఆ రోజు వాళ్లమ్మకు నీళ్లు పోయలేదు. ఈ సంగతి దారిలో ఆమె మామూలుగా, ఎవరికో జరిగినట్టు చెప్పింది.

రాములవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. నిటారుగా నడుస్తుంది. మా ఇద్దరినీ ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగి తెలుసుకుంది. చదువుకునే పిల్లలు ఇంత దూరం వచ్చారని మెత్తబడింది కాబోలు, చివరికి సరేనని విశాలాక్షి వైపు తిరిగింది.

"నువ్వు పట్టుకో బిడ్డా. ఆమెను అటే ఉండమను."

విశాలాక్షి ముఖం ఎర్రబడింది. సీసా కింద పెట్టేసి వెళ్లిపోతుందనే అనుకున్నాను. కాశమ్మ అప్పటికే వెనక్కి నడిచి, గట్టు అవతల చెలకలో నిలబడింది. అక్కడి నుంచే, మోటరు ఇంకాసేపు నడవనివ్వమనీ, సీసా వంచి పట్టుకోమనీ, బుడగ లేకుండా చూసుకోమనీ చెబుతూ పోయింది. విశాలాక్షి ఆమె చెప్పినట్టే నీళ్లు పట్టింది. అది నాలుగో నంబరు సీసా.

రైల్లో తిరిగి వస్తుంటే విశాలాక్షి ఉండబట్టలేక, ఆ ముసలామె నీళ్లు ఎట్లా పోతే మనకేమి అంది. కాశమ్మ కిటికీ వైపు నుంచి తిరిగి, "నా కడుపు మండలేదనుకుంటున్నవా? మండింది. కాని ఏదన్న అయితే ముందు అయ్యేది ఆ బాయికే. దాన్ని ఇడిసిపెడితే మనం చేసిందంతా ఉత్తదే అయితది" అంది. 

ఫలితాలు వచ్చాయి. రాములవ్వ బావి నీళ్లలో గ్యాస్ లేదు. ఉప్పదనం కూడా తక్కువ. ఊళ్లో అన్నిటికంటే మంచి నీళ్లు అవే. సామేలు బోరులో మాత్రం కొద్దిగా గ్యాస్ ఉంది. బొగ్గు ఉన్న నేలల్లో అలా ఉండటం వింత కాదనీ, అంత తక్కువైతే తాగడానికి భయం లేదనీ విశాలాక్షి చెప్పింది. అయినా కాశమ్మ ముఖం వాడిపోయింది. ఆమె మా బోరు అని మురిసిపోయిన నీళ్లు కదా.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. సామేలు ఫోన్ చేసి, ఆ ఫలితాల కాగితం బయట పెట్టొద్దన్నాడు.

"ఇంకా మిషనే నడ్వలేదు. ఇప్పుడే మన బోరుల గ్యాస్ ఉన్నదని మనమే చెప్తే, రేపు ఏమన్న అయితే మొదటి సందే ఉన్నదంటరు. ఊరందర్ని ముంచినట్టయితది అక్కా."

అది తెలివితక్కువ మాట కాదు. కాశమ్మ కూడా ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు మెస్‌లో పప్పు ఉప్పుకషాయం అయింది. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదని పిల్లలంతా ఆశ్చర్యపోయారు. సాయంత్రం ఆమె తమ్ముడికి ఫోన్ చేసి, సారుకు మాట ఇచ్చానంది. అంతటితో ఆగలేదు. "ఒక్కటి దాస్తే మిగిలినయి ఎవలు నమ్ముతరు తమ్మీ? నేనైతె నమ్మ" అంది.

ఆ ఆదివారమే వెళ్లి, అన్ని బోర్ల ఫలితాలూ తెలుగులో రాయించిన కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించింది. ఒక కాపీ మండలాఫీసులో, ఒక కాపీ కంపెనీ వాళ్ల షెడ్డులో ఇచ్చి వచ్చింది. కంపెనీ ఇంజనీరు ప్రవీణ్ అనే కుర్రవాడు దాన్ని చదివి సంతోషపడ్డాడు. తర్వాతి ఊరి మీటింగులో అదే కాగితం చూపించి, ఈ నేలలో గ్యాస్ ముందు నుంచే ఉందని మీవాళ్లే తేల్చారని చెప్పాడు. ఊళ్లో కొందరు కాశమ్మ కంపెనీకి అమ్ముడుపోయిందన్నారు. సామేలు అక్కతో మాట్లాడటం మానేశాడు. క్రిస్మస్‌కు ప్రతి ఏడూ ఊరి నుంచి వచ్చే అరిసెలు ఆ ఏడు తార్నాకకు రాలేదు.

ఆ నెలల్లో ఆమె ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. పనిలో లోటు రానిచ్చేది కాదు. నవ్వేది కూడా. కానీ ఫోన్ మోగితే పరుగెత్తి వెళ్లి చూసుకుని, తమ్ముడు కాదని తెలిసి నెమ్మదిగా ఎత్తేది. తప్పు చేశానా అని ప్రేమ్ కుమార్‌ను ఒకసారి అడిగిందట. ఆయన మాటల మనిషి కాదు. నువ్వు చేసింది సరిగానే ఉంది, ఫలితమే సరిగా లేదు అన్నాడట.

ఎండాకాలంలో డ్రిల్లింగ్ జరిగింది. పగలూ రాత్రీ మోత అని ఊరి నుంచి వచ్చేవాళ్లు చెప్పేవారు. వానలు మొదలయ్యాక ఒక పొద్దున సామేలే ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ మాట్లాడని సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. రాములవ్వ బావి నీళ్లు పైపులోంచి పాలలా తెల్లగా వస్తున్నాయట. బిందెలో పోస్తే సోడాలా బుసబుస పొంగి కాసేపటికి తేటపడుతున్నాయట. బర్రెలు మూతి పెట్టి తీసేస్తున్నాయట.

కాశమ్మ ఫోన్ అలాగే పట్టుకుని విశాలాక్షి గదికి పరుగెత్తింది. విశాలాక్షి చెప్పిన మొదటి మాట నీళ్ల గురించి కాదు. మోటరు గది తలుపు తెరిచి ఉంచాలి, అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్చు ముట్టకూడదు, మూసిన గదిలో గ్యాస్ నిండితే పేలుతుంది అంది. కాశమ్మ ఆ మాటలు తమ్ముడికి ఒకటికి రెండుసార్లు చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకుంది.

"నువ్వే పో తమ్మీ. ఇప్పుడే పో. రాములవ్వ కొడుకు బీడీ తాగుతడు."

సామేలు పరుగున వెళ్లి ఆ గది తలుపు బార్లా తెరిపించాడు.

అప్పుడు విశాలాక్షి థీసిస్ చివరి దశలో ఉంది, పైగా జ్వరం. ఈసారి తానొక్కతే వెళ్తానంది కాశమ్మ. అయితే వెళ్లేముందు ఒక పని చేసింది. కంపెనీ షెడ్డుకు ఫోన్ చేయించి, మేము పట్టే ప్రతి బోరు దగ్గరా మీరూ ఒక సీసా పట్టుకోండి, మీకు నచ్చిన చోట పరీక్ష చేయించుకోండి అని చెప్పించింది. ఈ ఆలోచన గైడు సారుది. ప్రవీణ్ తానే సీసాలతో వచ్చాడు. కాశమ్మ, ప్రేమ్ కుమార్, ప్రవీణ్ కలిసి ఊరంతా తిరిగారు. మోటరు ఎంతసేపు నడపాలన్న దాని మీద ప్రవీణ్‌కూ ఆమెకూ కాసేపు వాదన జరిగింది. అతను చెప్పిందే సరైనదని విశాలాక్షి ఫోన్‌లో అంటే ఒప్పుకుని అలాగే చేసింది.

చివరికి రాములవ్వ ఇంటికి వెళ్లారు. తర్వాతి సంగతి నాకు ప్రేమ్ కుమార్ చెప్పాడు. రాములవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది. మోటరు వైరు ఆరుబయటికి లాగించి అక్కడ స్విచ్చు పెట్టించారు, దాని పెట్టె తాళంచెవి ఆమె కొంగున ఉంది. ముడి విప్పి, తాళంచెవిని అరుగు మీద పెట్టబోయి, ఆగి, కాశమ్మ చేతికే ఇచ్చింది. కాశమ్మ బావి దగ్గరికి వెళ్లి, మోటరు వేసి, పైపు కింద సీసా వంచి నీళ్లు పట్టింది. పొంగే నీళ్లలో బుడగ లేకుండా మూత పెట్టడం చాలా కష్టమైంది. మళ్లీ మళ్లీ పారబోసి పట్టింది. అంతసేపూ ఎవరూ ఆమెను తొందర పెట్టలేదు. తిరిగొచ్చి తాళంచెవి ఇస్తే రాములవ్వ తీసుకుని, మీ అమ్మ పోలికలే అని మాత్రం అందట.

"గంతేనా?" అని నేను ప్రేమ్ కుమార్‌ను అడిగాను. "గంతే" అన్నాడు.

యూనివర్సిటీ ల్యాబ్‌లోనూ, కంపెనీ పంపిన రామంతాపూర్ ల్యాబ్‌లోనూ దాదాపు ఒకే ఫలితం వచ్చింది. మిగతా బోర్లన్నీ ముందున్నట్టే ఉన్నాయి. సామేలు బోరులో గ్యాస్ అప్పుడెంతో ఇప్పుడూ అంతే. రాములవ్వ బావి ఒక్కటే మారింది. గ్యాస్ చేరింది, ఉప్పు బాగా పెరిగింది.

మండలాఫీసులో మీటింగు పెట్టారు. ఊరివాళ్లు, అధికారులు, కంపెనీవాళ్లు కూర్చున్నారు. జ్వరం తగ్గిన విశాలాక్షి వచ్చి ఉప్పుల లెక్కలన్నీ చెప్పింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. కంపెనీ తరఫున వచ్చిన పెద్దాయన అంతా ఓపికగా విని, పంచాయతీ గోడకు అంటించిన పాత కాగితాన్ని బయటికి తీశాడు. ఈ ప్రాంతంలో గ్యాస్ సహజంగానే ఉందని ఇందులో రాసుంది కదా అన్నాడు. హాలంతా గుసగుసలు. కొందరు తిరిగి కాశమ్మ వైపు చూశారు, ఆ చూపు ఏమిటో నాకు అర్థమైంది.

ఆమె లేచి నిలబడింది. ఏం మాట్లాడాలో చాలా రోజులు విశాలాక్షి దగ్గర నేర్చుకుంది గానీ, అందులో సగం ఆ క్షణాన మరిచిపోయానని తర్వాత చెప్పింది.

"అవును సారు. మా బోరుల ఉన్నది. అప్పుడెంత ఉన్నదో ఇప్పుడు గంతే ఉన్నది. రాములవ్వ బాయిల అప్పుడు లేదు. ఇప్పుడున్నది. రెండూ ఆ కాగితం మీదనే ఉన్నయి. ఒకటి నమ్మి, ఒకటి నమ్మనంటే ఎట్ల?"

కూర్చుంది. పెద్దాయన పక్కనే ఉన్న ప్రవీణ్ ఆయన చెవిలో ఏదో చెప్పి, తర్వాత తానే పైకి అన్నాడు. మా ల్యాబ్‌లోనూ ఇదే వచ్చింది, పైపు చుట్టూ పోసిన సిమెంటును మళ్లీ పరీక్ష చేయాలి, అప్పటిదాకా ఆ బావి ఇంటికి మేమే నీళ్లు ఇస్తాం అన్నాడు. పెద్దాయన అతని వైపు కోపంగా చూశాడు గానీ, అధికారి అప్పటికే ఆ మాట రాసుకున్నారు.

పరీక్షలో పైపు పైభాగంలో ఒకచోట సిమెంటు సరిగా పట్టలేదని తేలింది. అందులోంచి గ్యాసూ ఉప్పునీరూ పైకి వచ్చి బావిలోకి చేరాయి. దాన్ని బాగు చేయించి, గ్యాస్ కోసం తవ్విన ఆ గుంతను మూసేశారు. రాములవ్వ ఇంటికీ, చుట్టుపక్కల ఇళ్లకూ పైపులైను వేశారు. ఇదంతా చెబితే గెలుపు కథలా ఉంటుంది. కానీ ఆ బావిలో గ్యాస్ తగ్గింది గానీ ఉప్పదనం ఇప్పటికీ పోలేదు. ఊళ్లో అన్నిటికంటే మంచి నీళ్లు అవే అని నేను రాశాను చూడండి, అవి ఇప్పుడు బర్రెలకు కూడా పనికిరావు. గుంత మూసేశాక సామేలు వాచ్‌మన్ పని పోయింది. అక్క పుణ్యమా అని మళ్లీ కూలికి పోతున్నానని అంటూ ఉంటాడు. అందులో వేళాకోళం ఎంతో, బాధ ఎంతో కాశమ్మ కూడా తేల్చుకోలేదు. కాకపోతే ఇప్పుడు ఆరేడు వారాలకోసారి బోర్ల దగ్గర నీళ్లు పట్టి రైల్లో పంపేది అతనే.

విశాలాక్షి పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుని తిరుపతిలో ఉద్యోగంలో చేరింది. ఆమె థీసిస్‌లో మొదటి పేజీలో, గైడు సారు పేరు కింద, కాశమ్మ పేరు ఉంది. ఆ పేజీ చూపిస్తే కాశమ్మ తన పేరు మీద వేలు పెట్టి, ఇంటిపేరు తప్పు రాశావని చెప్పింది. సీసాల పని ఇప్పుడు సాహితి అనే కొత్త పరిశోధకురాలు చూస్తోంది.

కంపెనీ మానుకోలేదు. వాగు అవతలి ఊళ్లో మరోచోట డ్రిల్లింగుకు సిద్ధమవుతోంది. పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం తార్నాక చౌరస్తా బస్టాపులో కాశమ్మ కనబడింది. పక్కన ప్రేమ్ కుమార్ తెల్లటి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అవతలి ఊరికే బయలుదేరామంది. అక్కడివాళ్లు, మా నీళ్లు బాగానే ఉన్నాయి, బాగున్న నీళ్లకు పరీక్ష ఎందుకు అంటున్నారట. సర్పంచి రెండుసార్లు తిప్పి పంపాడట.

ఈసారీ వద్దంటే ఏం చేస్తావని అడిగాను.

ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంటూ బస్సు నంబరు చూస్తోంది.

"వద్దంటే వచ్చేవారం మళ్ల పోత" అంది.

సికింద్రాబాద్ బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి, డబ్బా అందుకోవడానికి రెండు చేతులూ కిందికి చాచింది.